హాజరు పట్టీని నిలువుగా చదవండి: పిల్లలు రోజూ, వేళకి బడికి రావాలంటే

నెలాఖరున క్లాస్ టీచర్ హాజరు పట్టీ ముందేసుకుని, ఒక్కో పేరుకీ ఎదురుగా అడ్డంగా లెక్కపెట్టి, చివరి గడిలో మొత్తం వేసి హెచ్‌ఎం (హెడ్‌మాస్టర్) సంతకానికి పంపుతారు. అక్కడితో ఆ పట్టీ పని అయిపోయిందనుకుంటాం. పిల్లలు ఎందుకు నాగా పెడుతున్నారో చెప్పేది కూడా ఆ పట్టీయే. కాకపోతే దాన్ని నిలువుగా కూడా చదవాలి.

ఎర్ర పెన్ను తీసుకుని గత రెండు నెలల పేజీలు తెరవండి. గైర్హాజరు గడులన్నిటికీ చుక్క పెట్టండి. పావుగంట పని. చుక్కలు ఒకే తేదీ కింద గుంపుగా ఉంటే కారణం పిల్లల్లో లేదు, ఊళ్లో ఉంది: సంత, జాతర, పెళ్లి ముహూర్తం, రాని బస్సు. సోమవారాల కింద పేరుకుంటే ఆదివారం చుట్టాల ఇంటికి వెళ్లి మర్నాడు తిరిగొస్తున్నారని. ఒకే పిల్లాడి వరుసలో ప్రతి మంగళవారం చుక్క ఉంటే, ఆరోజు వాళ్లమ్మ సంతలో కూరగాయలు అమ్ముతోంది, చంటిబిడ్డను వీడే చూసుకుంటున్నాడు కావచ్చు. ఏడో తరగతి నుంచి ఆడపిల్లల వరుసల్లో సుమారు నాలుగు వారాలకోసారి రెండు మూడు చుక్కలు పక్కపక్కన కనిపిస్తే కారణం వేరే చెప్పక్కర్లేదు. పొద్దున హాజరై మధ్యాహ్నం గడి ఖాళీగా ఉంటే పిల్లాడు భోజనం చేసి ఇంటిదారి పడుతున్నాడు. అందుకే మధ్యాహ్నం హాజరు పేర్లు పిలిచి వేయాలి. పొద్దుటి గీత పక్కన అలవాటుగా ఇంకో గీత గీసేస్తే ఈ సంగతి ఎప్పటికీ బయటపడదు.

చెదురుమదురు చుక్కల్ని తేలిగ్గా తీసుకోవడమే అందరం చేసే తప్పు. వరసగా పదిహేను రోజులు రాని పిల్లవాడు అందరి కంట్లో పడతాడు. నెలకు రెండు రోజులు మానేసేవాడిని ఎవరూ పట్టించుకోరు. పది నెలల బడికి అది 20 రోజులు. ఒకటి నుంచి పది దాకా అలాగే సాగితే 200 రోజులు. విద్యాహక్కు చట్టం ప్రాథమిక తరగతులకు ఏడాదికి నిర్ణయించిన కనీస పనిదినాలు సరిగ్గా 200. అంటే ఆ పిల్లాడు ఒక తరగతి మొత్తం చదవకుండానే పదో తరగతి పరీక్ష రాస్తున్నట్టు.

75 శాతం అన్న మాట కూడా కొంత చేటు చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలకు 75 శాతం హాజరుంటేనే తల్లికి డబ్బిచ్చిన అమ్మఒడి పథకం రోజుల నుంచీ తల్లుల నోట ఈ అంకె నానుతోంది. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు చట్టం చెప్పిన 220 రోజుల్లో 75 శాతమంటే 165. మిగతా 55 రోజులు, అంటే సుమారు రెండున్నర నెలల బడి, మానేసినా ఫర్వాలేదని ఇంట్లో లెక్క వేసుకుంటారు. తల్లిదండ్రుల సమావేశంలో శాతాలు చెప్పకండి. "మీవాడు జూన్ నుంచి 14 రోజులు రాలేదమ్మా" అని రోజుల్లో చెప్పండి. రోజుల లెక్క అందరికీ తెలుసు.

రాని రోజున ఏం చేయాలి

మొదటి రోజు పక్కింటి పిల్లల్ని అడగండి చాలు. రెండో రోజు ఫోన్. మూడో రోజు ఇంటికి వెళ్లాలి. వారం దాటాక వెళ్తే ఆ ఇంట్లో పిల్లాడికి వేరే పని కుదిరిపోయి ఉంటుంది.

కూలికి వెళ్లే తల్లికి పొద్దున పదింటికి ఫోన్ చేస్తే ఎత్తదు, చేలో ఉంటుంది. సాయంత్రం ఆరున్నర, ఏడున్నర మధ్య చేయండి. జూన్‌లో రాసుకున్న నంబర్లు డిసెంబరుకి సగం పలకవు, రీచార్జి అయిపోయో సిమ్ మారో ఉంటుంది. అందుకని చేర్చుకునే రోజే పక్కింటివాళ్లదో మేనమామదో ఇంకో నంబరు రాసుకోవాలి.

ఫోన్‌లో మొదటి మాట మీదే అంతా ఆధారపడి ఉంటుంది. "ఎందుకు పంపలేదు?" అంటే అవతల నుంచి వచ్చే జవాబు ఒక్కటే: "జ్వరం సార్." అది నిజం కావచ్చు, కాకపోవచ్చు, సంభాషణ మాత్రం అక్కడ ముగిసిపోతుంది. దాని బదులు ఇలా మొదలుపెట్టి చూడండి: "అమ్మా, బడి నుంచి మాట్లాడుతున్నా. స్వాతి రెండు రోజులుగా కనబడలేదు, ఒంట్లో బాగానే ఉందా? నిన్న భిన్నాలు మొదలుపెట్టాం, తను లేదు." పిల్ల లేని లోటు బడిలో తెలిసిందని ఆ తల్లికి అర్థం కావాలి. అప్పుడు చంటివాడి సంగతో, మిరపకాయ కోతల సంగతో ఆమే చెబుతుంది.

ఇంటికి వెళ్లేటప్పుడు ఒంటరిగా వెళ్లకండి. ఆ వీధి అంగన్‌వాడీ టీచరో డ్వాక్రా సంఘం లీడరో తోడుంటే మాట సాగుతుంది. రిజిస్టర్ వద్దు, పిల్లాడి నోట్సు పట్టుకెళ్లండి. వాకిట్లో నిలబడి నలుగురూ వినేలా అడిగితే ఆ తండ్రికి తల కొట్టేసినట్టవుతుంది, మర్నాడు పంపాల్సినవాడు పంతానికి పంపడు. పథకం డబ్బు ఆగిపోతుందన్న బెదిరింపు చివరి అస్త్రం, మొదటే వాడేస్తే తర్వాత చేతిలో ఏమీ మిగలదు.

ఇక తిరిగొచ్చిన పిల్లాడి సంగతి. చాలా బళ్లలో "మీ నాన్నని తీసుకురా, అప్పుడే క్లాసులోకి" అనే నియమం ఉంటుంది. వినడానికి క్రమశిక్షణలా ఉంటుంది గానీ, ఆ నాన్న ఒకరోజు కూలి పోగొట్టుకుంటే తప్ప రాలేడు. కాబట్టి పిల్లాడు ఇంట్లో చెప్పడు, మరో నాలుగు రోజులు చెరువు గట్టున గడుపుతాడు. రెండు రోజుల నాగా వారమయ్యేది ఇలాగే. వచ్చినవాడిని కూర్చోబెట్టండి. తప్పిపోయిన పాఠం నోట్సు ఎవరి దగ్గర తీసుకోవాలో చెప్పండి, మొదటి పీరియడ్‌లో వాడికి తెలిసిన ప్రశ్న ఒకటి వేయండి. కారణం ఇంటర్వెల్‌లో, పక్కకు పిలిచి కనుక్కోండి.

పంట కాలం, వలస

పత్తి తీత తెలంగాణలో దసరా నుంచి ఊపందుకుంటుంది. కూలి కిలోల లెక్కన ఇస్తారు. రోజు కూలి అయితే పిల్లాడిని తీసుకెళ్లి లాభం లేదు. కిలోల లెక్క కాబట్టి ఇంకో రెండు చేతులుంటే అంత ఎక్కువ తూకం. తల్లిదండ్రులకు చదువు విలువ తెలియక కాదు, ఈ లెక్క తెలిసే తీసుకెళ్తారు. గద్వాల, నంద్యాల వైపు సీడ్ పత్తి క్రాసింగ్ (విత్తనాల కోసం పూలకి చేత్తో పుప్పొడి అంటించే పని) ఇంకా ముందే, వానాకాలం నడుమ వస్తుంది. గుంటూరు, ఖమ్మం మిరప కోతలు సంక్రాంతి దాటాక జోరందుకుంటాయి. మీ ఊరి పంటల క్యాలెండర్ స్టాఫ్ రూమ్ గోడకు ఉండాలి. సీజన్‌కి మూడు వారాల ముందే తల్లులతో మాట్లాడాలి. కూలీలను కుదిర్చే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నాక మీరు ఎన్ని చెప్పినా వాళ్ల చేతిలో ఏమీ ఉండదు.

అందుకే మాట్లాడాల్సింది మేస్త్రీలతో, రైతులతో కూడా. బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ తర్వాత 14 ఏళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు; సొంత కుటుంబం పనిలో సాయం కూడా బడి వేళలు దాటాకో సెలవుల్లోనో మాత్రమే. ఈ మాట సర్పంచ్ చేత చాటింపు వేయిస్తే మీరు పది ఇళ్లకు తిరిగి చెప్పినదానికంటే గట్టిగా వినిపిస్తుంది. మాట వినని చోట చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 ఉంది. చంటిబిడ్డ కోసం ఆగిపోయే అక్కల విషయం ఇంత కష్టం కాదు. అంగన్‌వాడీ తెరిచే వేళ బడి వేళకి కలుస్తోందో లేదో చూసి, కలవకపోతే కలిసేలా మాట్లాడితే చాలాసార్లు సరిపోతుంది.

ఇటుక బట్టీలకు కుటుంబంతో వెళ్లిపోయేవాళ్లది వేరే కథ. వెళ్లాక చేయగలిగింది తక్కువ. వెళ్లకముందే తాత, అమ్మమ్మల దగ్గర ఎవరు ఉండగలరో, ప్రభుత్వ సమగ్ర శిక్ష పథకం కింద వలస కుటుంబాల పిల్లలకు సీజనల్ హాస్టల్ దగ్గర్లో నడుస్తోందో లేదో ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసులో కనుక్కుని, ఎంతమంది పిల్లలున్నారో పేర్లతో జాబితా ఇవ్వాలి.

ఆడపిల్లలు

నెలసరి రోజుల్లో మానేయడానికి కారణం నొప్పి ఒక్కటే కాదు, బాత్‌రూమ్‌లో నీళ్లు లేకపోవడం, తలుపుకి గడియ లేకపోవడం కూడా. బడిలో ఒక బీరువా అరలో ప్యాడ్లు, ఒక జత విడి యూనిఫాం, పాత పేపర్లు పెట్టి, తాళం చెవి ఒక మేడమ్ దగ్గర, ఒక పెద్ద క్లాసు అమ్మాయి దగ్గర ఉంచండి. అడగడానికి సిగ్గుపడకుండా తీసుకోగలగాలి.

పెద్దమనిషి అయిన పిల్లను తొమ్మిది నుంచి పదహారు రోజుల దాకా ఇంట్లో ఉంచడం మామూలే. ఆ ఫంక్షన్ భోజనాల దగ్గరే పెళ్లి మాటలు మొదలవుతాయి. కాబట్టి మేడమ్ ఎవరైనా ఆ మొదటి వారంలోనే వెళ్లి, బొట్టు పెట్టించుకుని, "ఫలానా సోమవారం నుంచి పంపిస్తారుగా?" అని తేదీతో సహా మాట తీసుకుని రావాలి.

ఆలస్యం

ప్రేయర్ మొదలవగానే గేటుకు తాళం వేసే బళ్లున్నాయి. ఆలస్యంగా వచ్చినవాడు ఆరోజుకి రానివాడైపోతాడు, అంతకుమించి ఒరిగేది లేదు. ఎండలో నిలబెట్టడం, గుంజీలు తీయించడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం, చేసినవాళ్ల మీద సర్వీసు నిబంధనల కింద క్రమశిక్షణ చర్య ఉంటుంది. లోపలికి రానివ్వండి, వచ్చిన టైము ఒక నోటుబుక్‌లో వాడిచేతే రాయించండి. వారం తిరిగేసరికి ఆ పుస్తకం మాట్లాడుతుంది. ఒకే తండా నుంచి ఎనిమిది మంది 9:20కి వస్తుంటే అది బస్సు తప్పు. ఊరి పేరు, పిల్లల సంఖ్య, బస్సు రావాల్సిన టైము, వస్తున్న టైము, పది రోజుల తేదీలతో సహా హెచ్‌ఎం సంతకం పెట్టి ఆర్టీసీ డిపో మేనేజర్‌కి ఉత్తరం ఇవ్వండి. "బస్సు సరిగా రావడం లేదు" అని మాత్రమే రాస్తే ఆ కాగితం ఎక్కడో ఫైల్లో పడుతుంది.

రోజుకు పావుగంట ఆలస్యం 220 రోజులకు 55 గంటలు, దగ్గర దగ్గర తొమ్మిది బడి రోజులు. అదీ ఎప్పుడూ మొదటి పీరియడ్‌లోనే, అది చాలాచోట్ల లెక్కల క్లాసు. లెక్కలు రాని పిల్లలు ఎవరో చూసి, ఈ నోటుబుక్‌తో పోల్చి చూడండి. మొదటి పది నిమిషాల్లో పోగొట్టుకోవాలనిపించనిది ఏదో ఒకటి ఉండాలి: నిన్నటి పొడుపుకథ విప్పడం, బెల్ కొట్టే వంతు ఎవరిదో చెప్పడం. రోజూ ఆలస్యంగా వచ్చేవాడికి ఒక వారం బెల్ అప్పగించి చూడండి, గేటు దగ్గర వాడే ముందుంటాడు.

నూరు శాతం హాజరు బహుమతి వద్దు. జూన్‌లో ఒక్కరోజు జ్వరం వచ్చినవాడికి ఏప్రిల్ దాకా ఆ బహుమతి మీద ఆశ ఉండదు. అమ్మవారు పోసినవాడు బహుమతి కోసం వచ్చి క్లాసంతటికీ అంటిస్తాడు. పోయిన నెల కంటే ఈ నెల నాగాలు తగ్గించుకున్నవాళ్ల పేర్లు చదవండి.

ఇంట్లో

పొద్దుటి గొడవ రాత్రి మొదలవుతుంది. బడి 9కి అయితే వెనక్కి లెక్కేయండి. ఇంటినుంచి బయల్దేరేది 8:30, టిఫిన్ 8, స్నానం 7:30, లేవడం 6:45. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు కనీసం తొమ్మిది గంటల నిద్ర కావాలి, అంటే 9:45కి కళ్లు మూతపడాలి, 9:15కి ఫోన్ చేతిలోంచి పోవాలి. ఒక్కసారిగా గంట ముందు పడుకోమంటే నిద్రపట్టదు, మూడు రోజులకోసారి పావుగంట చొప్పున జరపండి. యూనిఫాం, బెల్టు, రెండు సాక్సులు ఒకే కొక్కేనికి, సర్దిన సంచి గుమ్మం పక్కన ఉండాలి. పొద్దున పోయే టైములో సగం ఆ రెండో సాక్సు వెతకడానికే పోతుంది. మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక ఈ లెక్కంతా ఓ గంట ముందుకు జరుగుతుంది. అది మర్చిపోయి మొదటి వారమంతా ఆలస్యంగా పంపే ఇళ్లు చాలా ఉంటాయి.

ఏ జబ్బుకి మాన్పించాలన్నది పెద్దగా తికమక పడాల్సిన విషయం కాదు. 100.4 డిగ్రీల జ్వరం ఉంటే ఇంట్లోనే. మాత్ర లేకుండా 24 గంటలు జ్వరం రాకుండా ఉంటే పంపొచ్చు. వాంతులు, విరేచనాలు ఆగాక ఒక రోజు. అమ్మవారు పోస్తే పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా. ముక్కు కారడానికి, కొంచెం దగ్గుకి మాన్పించక్కర్లేదు.

బడి ఉన్న రోజునే వచ్చి, పదింటికల్లా తగ్గిపోయి, ఆదివారం జాడ లేకుండా పోయే కడుపునొప్పిని కొట్టిపారేయకండి. నాటకమని తిట్టకండి కూడా, భయంతో నిజంగానే నొప్పి పుడుతుంది. అది ఏ రోజుల్లో వస్తోందో క్యాలెండర్ మీద గుర్తు పెట్టి, ఆరోజు టైమ్ టేబుల్‌లో ఏముందో చూడండి. ఇంగ్లిష్‌లో నిలబెట్టి చదివించే పీరియడా, పీఈటీనా, దారిలో ఏడిపించే పెద్ద పిల్లలా? ఆ క్యాలెండర్ పట్టుకుని క్లాస్ టీచర్ దగ్గరికి వెళ్లండి. ఈలోపు ఇంట్లో ఉండిపోయిన రోజున టీవీ, ఫోన్ రెండూ బంద్. పడక, మజ్జిగన్నం, సాయంత్రం ఫ్రెండ్ నోట్సు, అంతే. నొప్పి నిజమైతే పిల్లాడు వీటికి అభ్యంతరం చెప్పడు.