బిడ్డని దత్తత తీసుకోవడానికి వరంగల్ వస్తున్న ఎన్నారై అమ్మానాన్నలకి

మేము న్యూజెర్సీలో ఉంటాం. ఆయనది భీమవరం, నాది తెనాలి. మా బాబు అక్కడే పుట్టాడు, తొమ్మిదేళ్లు. దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారా నుంచి పాప వివరాలు వచ్చిన రోజు, తనని పెంచుతున్న శిశుగృహ ఉన్న ఊరు హనుమకొండ అని చూసి ఇద్దరికీ ప్రాణం కుదుటపడింది. భాష తెలియని రాష్ట్రం కాదు, తెలుగు ఊరే, మనకేం కొత్త అనుకున్నాం. వచ్చి ఏడు వారాలు ఉన్నాక తెలిసింది, ఇక్కడ కొత్తవాళ్లం మేమే, పాప ఈ ఊరి మనిషి. మూడున్నరేళ్ల పిల్లకి కూడా అలవాటైన మాట, రుచి, నిద్రపుచ్చే చెయ్యి ఉంటాయని ఎవరైనా ముందే చెప్పి ఉంటే మొదటి వారం అంత ఏడ్చేది కాదు. అందుకే మీకు రాస్తున్నాను.

మొదటి రాత్రి సంగతి చెప్తాను. నక్కలగుట్టలో ఒక లాడ్జిలో దిగాం. రాత్రి ఒంటిగంటకి పాప లేచి కూర్చుని "దూపైతాంది" అంది. నాకు దుప్పటి అన్నట్టు వినిపించింది, కప్పాను, తోసేసింది. మళ్లీ "దూప, దూప" అని ఏడుపు. ఏసీ తగ్గించాం, లైటు వేశాం, ఆయన ఎత్తుకుని వరండాలో తిప్పారు, బాబు వాడి బొమ్మ తెచ్చిచ్చాడు. ఏడుపు విని కింద నుంచి వచ్చిన వాచ్‌మన్ భార్య గుమ్మంలోంచే "దూపైతాందంటాంది కదమ్మా, నీళ్లు తాపుండ్రి" అంది. దూప అంటే దాహం. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని గటగటా తాగి, నా వైపు ఒకసారి చూసి పడుకుంది. నీళ్ల సీసా మంచం పక్కన బల్ల మీదే ఉంది. తెలుగు మాట్లాడే అమ్మానాన్నల మధ్య కూర్చుని నా బిడ్డ అరగంట దాహంతో ఏడ్చింది.

కాబట్టి శిశుగృహకి వెళ్లే మొదటి రోజే ఒక నోట్‌బుక్ పట్టుకెళ్లండి. ఆఫీసు గదిలో సంతకాలు అయ్యాక ఆయమ్మల దగ్గర కనీసం ఒక గంట కూర్చోండి, వాళ్లకి తెలిసినంత ఏ రిపోర్టులోనూ ఉండదు. ఏ పక్కకి తిరిగి పడుకుంటుంది, అన్నం మెత్తగా కలపాలా, స్నానానికి ముందు ఏడుస్తుందా తర్వాతా, ఏ సబ్బు వాడతారు, భయపడితే ఏమంటుంది, బాత్రూమ్‌కి ఏ మాట వాడుతుంది, ఇవన్నీ అడగండి. వేసుకున్న బట్టలు ఇమ్మనండి, ఉతకకుండా. ఆ వాసన ఉన్న గౌను తలగడ పక్కన పెడితే మా పాప నాలుగో రాత్రి నుంచి నిద్రపోయింది. మాటలు రాసుకునే పని బాబుకి అప్పగించాం. దూప, తానం అంటే స్నానం, అంగి అంటే చొక్కా, బుక్క అంటే ముద్ద, పైలం అంటే జాగ్రత్త. వాడు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుని పాపని అడిగి సరిచేయించుకునేవాడు. వాళ్లిద్దరికీ స్నేహం కుదిరింది దాంతోనే.

ఇక కాగితాలు. ఎన్నారైలకి బిడ్డని చూపించే వరసలో దేశంలో ఉన్నవాళ్లతో సమానంగానే సీనియారిటీ ఇస్తారు, హోమ్ స్టడీ, అంటే మన ఇల్లు, కుటుంబం చూసి రాసే రిపోర్టు, మాత్రం మీరుండే దేశంలో కారా గుర్తించిన ఏజెన్సీ ద్వారా జరగాలి. అమెరికా పౌరులు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. బిడ్డ కోసం అమెరికా ఇమిగ్రేషన్‌కి పెట్టే ఐ-800 అర్జీ మీద ప్రొవిజనల్ అప్రూవల్, దాని తర్వాత దత్తత ముందుకెళ్లొచ్చని అమెరికా ఎంబసీ ఇచ్చే ఆర్టికల్ 5 లెటర్ రాకముందే ఇక్కడ దత్తత పూర్తి చేసుకోకూడదు. చేసుకుంటే బిడ్డ వీసా దగ్గర చిక్కొస్తుంది. ఆ తర్వాత కారా ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం. అది వచ్చాక, దత్తత ఆర్డర్ వచ్చేలోపు, ప్రీ-అడాప్షన్ ఫోస్టర్ కేర్ కింద బిడ్డని ఇండియాలోనే మన దగ్గర ఉంచుకునే వీలుంది, మేము అలాగే ఉన్నాం. ఇంతకుముందు కోర్టు ఇచ్చే ఆర్డర్ ఇప్పుడు కలెక్టర్ ఇస్తున్నారు, 2021లో చట్టం మార్చి 2022 సెప్టెంబర్ నుంచి అమల్లోకి తెచ్చారు. రెండు నెలల్లోపు తేల్చాలని నిబంధన. పాత అనుభవాలు చెప్పేవాళ్లు ఇంకా లాయరు, వాయిదా అంటారు, టెన్షన్ పడకండి.

ఇక్కడ మాత్రం ఊరికి సంబంధించిన ఒక మెలిక ఉంది, అది ఎవరూ చెప్పరు. మనం వరంగల్ అని పిలిచే ఊరు మూడు ఊళ్లు, హనుమకొండ, కాజీపేట, వరంగల్. జిల్లాలు రెండు. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్‌ని హనుమకొండ జిల్లాగా, వరంగల్ రూరల్‌ని వరంగల్ జిల్లాగా మార్చారు. ఇద్దరు కలెక్టర్లు, రెండు బాలల పరిరక్షణ విభాగాలు. పైగా హనుమకొండ, హన్మకొండ, అనుమకొండ అని తెలుగులోనే మూడు రకాలుగా అంటారు, ఇంగ్లిష్‌లో స్పెల్లింగ్ ఎవరి చేతికొచ్చినట్టు వాళ్లు రాస్తారు. మాకు ఒక ఆఫీసులో ఒక కాగితం మీద వరంగల్ అని, ఇంకో కాగితం మీద హనుమకొండ అని టైపు చేసిచ్చారు. అది సరిచేయించడానికి తొమ్మిది రోజులు తిరిగాం, రోజూ పాపని చంకనేసుకుని. ఆర్డర్‌లో, బర్త్ సర్టిఫికెట్‌లో, పాస్‌పోర్టులో పుట్టిన ఊరు, జిల్లా ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండాలి. ప్రతి కాగితం చేతికి తీసుకున్న చోటే, కౌంటర్ దగ్గరే నిలబడి చదవండి. బయటికొచ్చాక చూస్తే మళ్లీ లైన్లో నిలబడాలి.

ఎవరైనా చుట్టం "ఇంత ఆలస్యమెందుకు, ఫలానా ఆస్పత్రిలో బిడ్డ ఉందట" అంటే వినొద్దు. అది నేరం, ఆ బిడ్డకి అన్యాయం కూడా. ఫీజు ఏదైనా రసీదుతోనే కట్టండి. ఆర్డర్ రాకముందు పాప ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో కూడా పెట్టకండి. ఈ పిల్లల వివరాలు బయటపెట్టడాన్ని జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ నిషేధిస్తుంది. మా అత్తగారికి ఈ విషయం నచ్చజెప్పడానికి రెండు ఫోన్లు పట్టింది, విన్నాక ఆవిడే మిగతావాళ్లకి చెప్పారు.

ఉండడానికి లాడ్జి రెండు రోజులకి మించి వద్దు. హనుమకొండలో సుబేదారి, నక్కలగుట్ట, హంటర్ రోడ్ వైపు వంటగది ఉన్న పోర్షన్ చూసుకోండి, ఆఫీసులకి ఆటోలో పది పదిహేను నిమిషాలు. మీవి విదేశీ పాస్‌పోర్టులైతే మీరు దిగిన వివరాలు ఇంటి ఓనరు ఆన్‌లైన్‌లో తెలపాలి, అద్దె మాట్లాడేటప్పుడే ఆ సంగతి చెప్పండి. హైదరాబాద్ నుంచి దాదాపు 145 కిలోమీటర్లు, విమానాశ్రయం శంషాబాదే. రైల్లో అయితే దిగేది కాజీపేటా వరంగలా చూసుకోండి, హనుమకొండకి కాజీపేట దగ్గర. చిల్లర నోట్లు ఉంచుకోండి, ఆటోలకీ కూరగాయల బండికీ విదేశీ కార్డు పనికిరాదు.

ఊరు చూడడం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మొదట్లో నాకు ఊరు తిరగడం తప్పుగా అనిపించింది, వచ్చిన పనేంటి, మనం చేస్తున్నదేంటి అని. తర్వాత ఆయనే అన్నారు, రేపు పదేళ్లకి పాప "నేనెక్కడ పుట్టాను" అంటే మన దగ్గర చూపించడానికి ఏముంది, కాగితాలేగా అని. అప్పట్నుంచి చూసిన ప్రతి చోటూ పాప ఆల్బమ్ కోసమే చూశాం. బొమ్మ కింద రాయడానికి నాలుగు మాటలు బాబు రాసేవాడు.

మొదటి రెండు వారాలు దూరం పోవద్దు. జనం ఉన్న చోటికి అసలొద్దు. పొద్దున ఏడింటికి వేయిస్తంభాల గుడి, 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించింది, శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ మూడు గర్భగుళ్లు. ఆ వేళకి రాయి చల్లగా ఉంటుంది. నున్నటి నల్లరాతి నంది ఉంది, పాప దాని మెడ మీద చెంప ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయింది. పిలవలేదు, ఫొటో తియ్యలేదు, కాళ్లు నొప్పెట్టేదాకా అక్కడే నిలబడ్డాం. ఖిలా వరంగల్ సాయంత్రం బాగుంటుంది, ఆ నాలుగు తోరణాల మధ్య పిల్లలు పరిగెత్తడానికి బోలెడు చోటు. హంటర్ రోడ్‌లో జూ ఉంది. భద్రకాళి గుడికి మంగళవారం, శుక్రవారం కాకుండా వెళ్లండి.

రామప్ప నాలుగో వారానికి ఉంచండి. హనుమకొండ నుంచి డెబ్బై కిలోమీటర్లలోపే గానీ కారులో అంతసేపు కూర్చోవడం పిల్లకి కొత్త. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో జాబితాలో చేరింది. శిల్పి పేరుతో పిలుస్తారని గైడ్ చెప్తే బాబు దాన్నే ఆల్బమ్‌లో పెద్దక్షరాల్లో రాశాడు. మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో వస్తుంది, ఆ రోజుల్లో ములుగు రోడ్డు వైపు అస్సలు పెట్టుకోకండి, ఊళ్లో గదులు కూడా దొరకవు.

తిండి దగ్గర మేము చేసిన పొరపాటు, పాపకి మంచివని మనకి తోచినవి పెట్టడం. పాస్తా, ఓట్స్, యాపిల్ ముక్కలు. ఏదీ ముట్టలేదు. ఓనరమ్మ ఒకరోజు సర్వపిండి చేసి తెచ్చింది, బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, నానబెట్టిన శనగపప్పు వేసి గిన్నెకి అద్ది, నూనె దిగడానికి వేలితో చిల్లులు పెట్టి కాల్చేది. కారం వెయ్యకుండా చేసింది. పాప ముందు ఒక చిల్లులో తన చూపుడువేలు పెట్టి చూసుకుంది, తర్వాత ఆ చుట్టూ కొరుక్కుంటూ వచ్చింది. మర్నాడు ఆవిడ వంటింట్లో నిలబడి నేర్చుకున్నాను. మీరూ నేర్చుకోండి, అక్కడికెళ్లాక బియ్యప్పిండి ఎక్కడైనా దొరుకుతుంది.

మేము ఉన్నప్పుడే బతుకమ్మ వచ్చింది. మొదటి రోజు, ఎంగిలిపూల నాడు, వేయిస్తంభాల గుడి దగ్గర ఇసకేస్తే రాలని జనం, అక్కడికి వెళ్లలేదు. మా వీధిలో పదిమంది ఆడవాళ్లు తంగేడు, గునుగు, బంతిపూలు పేర్చి మధ్యలో పెట్టుకుని ఆడుతుంటే గేటు దగ్గర నిలబడి చూస్తున్నాం. పాప నా చంక దిగి తనంతట తనే వెళ్లి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది, వంగి, లేచి, అడుగు సరిగ్గా వేస్తూ. శిశుగృహలో ఆయమ్మలు ఆడించి ఉంటారు. రెండు చుట్లు తిరిగి వచ్చి నా చెయ్యి పట్టి లాగింది. నాకు ఆ అడుగు రాదు. పాపని చూసి నేర్చుకున్నాను.

దసరా సెలవుల్లో ఆఫీసులు కదలవు, టికెట్లు అది లెక్కేసుకుని కొనండి. ఆర్డర్ వచ్చాక మన పేర్లతో బర్త్ సర్టిఫికెట్, పాప పాస్‌పోర్టు, దత్తత హేగ్ ఒప్పందం ప్రకారమే జరిగిందని కారా ఇచ్చే ఆర్టికల్ 23 కన్ఫర్మిటీ సర్టిఫికెట్, అక్కణ్నుంచి వీసా కోసం ఢిల్లీ. హైదరాబాద్‌లో కాన్సులేట్ ఉన్నా దత్తత వీసాలు చూసేది ఢిల్లీ ఎంబసీనే. ఢిల్లీలో మాకు ఆరు రోజులు పట్టింది. అక్కడ పాపకి చుట్టూ ఏ మాటా అర్థం కాలేదు, మా ముగ్గురి మాట తప్ప. ఆ ఆరు రోజుల్లోనే నన్ను మొదటిసారి నిద్రలో అమ్మా అని పిలిచింది.

బయలుదేరే ముందురోజు శిశుగృహకి తప్పకుండా తీసుకెళ్లండి. ఏడుస్తుందని భయపడి మానకండి. మా పాప ఏడ్చింది, ఆయమ్మ ఇంకా ఎక్కువ ఏడ్చింది, "పైలం బిడ్డా" అని నెత్తి మీద చెయ్యి పెట్టింది. చెప్పి రావడం వేరు, మాయమైపోవడం వేరు, పిల్లలకి ఆ తేడా బాగా తెలుస్తుంది.

ఇంటికి చేరాక రెండేళ్లు, పాప ఎలా ఉందో కారాకి రిపోర్టులు వెళ్లాలి, మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి, మొత్తం ఆరు. తేదీలు క్యాలెండర్‌లో ముందే గుర్తు పెట్టుకోండి. మాది మూడోది వచ్చే నెల.