విక్టోరియా కాలపు పత్రిక ప్యాటర్న్‌తో కుచ్చుల శాలువా: సమస్యలు, పరిష్కారాలు

న్యూయార్క్‌లో 1867లో మొదలైన హార్పర్స్ బజార్, ఫిలడెల్ఫియా నుంచి వెలువడిన గోడీస్, పీటర్సన్స్ వంటి పత్రికలు కుట్టుపని చేయి తిరిగిన స్త్రీలను దృష్టిలో పెట్టుకొని ప్యాటర్న్‌లు (బట్ట కత్తిరించడానికి గీసిన ముక్కల నమూనాలు) అచ్చువేశాయి కనుక, వారికి ఎలాగూ తెలిసిన సంగతులను విడిగా రాయలేదు. అంచుకు కుచ్చులు పెట్టిన పట్టీ (ఫ్రిల్) ఉండే ఈ శాలువా కుట్టేటప్పుడు మనకు ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలావరకు అలా రాయకుండా వదిలేసిన చోట్లే పుడతాయి.

సమస్య: కత్తిరించిన ముక్కల అంచులు ఒకదానితో ఒకటి కలవడం లేదు.

హార్పర్స్ బజార్ అనుబంధ పత్రంలో అనేక దుస్తుల ముక్కలను ఒకదానిపై ఒకటి ముద్రించి, చుక్కలు, తెగిన గీతల తేడాతోనే వేరుచేసేవారు. అందువల్ల గీతలు దాటుకునే చోట పక్కదాని వెంట పోయి ఉంటారు. కావలసిన గీతను ముందుగా రంగు పెన్సిల్‌తో నకలు మీద దిద్దుకొని, ఆ తరువాతే ట్రేసింగ్ కాగితం వేయండి. పీటర్సన్స్‌లోని చిన్న బొమ్మలైతే కొలతకు తగిన నిష్పత్తిలో ఉంటాయన్న నమ్మకం లేదు. జిరాక్స్‌లో పెద్దవి చేయడం మానేసి, అంచుల వెంట రాసిన అంగుళాలను బట్టి కాగితం మీద కొత్తగా గీసుకోవాలి.

సమస్య: భుజాల దగ్గర బిగుసుకుంటోంది.

ప్యాటర్న్ సాధారణంగా ఒకే సైజులో, కార్సెట్ (నడుమును బిగించే లోదుస్తు) బిగించిన శరీరానికి, కుట్టు మార్జిన్ కలపకుండా ఇచ్చినది. చుట్టూ అర అంగుళం మార్జిన్ కలిపి, ముందుగా పాత పంచె గుడ్డతో నమూనా కుట్టి చూడండి. అప్పటికీ చాలకపోతే కాగితాన్ని కింది అంచు నుంచి మెడ దాకా చీల్చి, మెడ దగ్గర కదలనివ్వకుండా కింది వైపు మాత్రమే విప్పితే మెడ కొలత మారదు.

సమస్య: పత్రిక చెప్పినన్ని గజాలు కొంటే బట్ట మిగిలిపోతోంది.

అప్పటి పట్టుబట్టల పన్నా తరచుగా 20 అంగుళాల చుట్టుపక్కలే ఉండేది. నేటి 44 అంగుళాల పన్నాకు దాదాపు సగం చాలు.

సమస్య: వెనుక మొన దగ్గర కుచ్చులు లోపలికి ముడుచుకుపోతున్నాయి.

అన్నిటికంటే ఎక్కువగా విసిగించేది ఇదే, ఇస్త్రీతో సరిచేయాలనుకోవడం వృథా. మొన దగ్గర కుట్టు గీత మలుపు తిరిగేది ఒక్క బిందువు మీదే అయినా, ఫ్రిల్ వెలుపలి అంచు దాని చుట్టూ పెద్ద వంపు తిరిగి రావాలి. సమానంగా కుచ్చులు పెడితే ఆ వంపుకు బట్ట ఉండదు. మలుపు లంబకోణమైతే ఫ్రిల్ వెడల్పుకు రెట్టింపు బట్టను, అంటే 3 అంగుళాల ఫ్రిల్‌కు 6 అంగుళాలను, మొనకు ఇరువైపులా ఒక్కో అంగుళం లోపల అదనంగా ఇమడ్చాలి. తిన్నని అంచుకు ఒకటిన్నర రెట్లు సరిపోతాయి: 120 అంగుళాల అంచుకు 180 అంగుళాల పట్టీ, పైగా మొన కోసం ఆ 6. కుచ్చు దారం ఒక వరుస కాక రెండు వరుసలు వేసి, పట్టీనీ అంచునూ నాలుగు భాగాలుగా గుర్తుపెట్టుకొని లాగితే కుచ్చులు ఒకచోట పోగుపడవు.

సమస్య: జిగ్‌జాగ్ కత్తెరతో కోసిన అంచు పోగులు ఊడుతోంది.

దగ్గరి నేత టాఫెటా పట్టుకు ఆ పద్ధతి నిలుస్తుంది కానీ, నేటి పాలియెస్టర్‌కు కాదు. చీరలకు చేసినట్టు పీకో చేయించవచ్చు. కాలానికి తగినట్టు ఉండాలనే పట్టుదల ఉంటే, నా అభిప్రాయంలో అంచును సన్నగా చుట్టి చేత్తో కుట్టడమే మేలు.