గడ్డం ఎత్తితేనే అక్షరం కనబడేది

"రెండు వారాల్లో అలవాటైపోతుందండీ" అన్నారు షాపులో, కొత్త ప్రోగ్రెసివ్ కళ్ళజోడు చేతికిస్తూ. నెల దాటినా, చెరువు దగ్గర రొయ్యల మేత లెక్కలు చదవాలంటే గడ్డం పైకెత్తాల్సిందే. మెడ పట్టేసేది.

ప్రోగ్రెసివ్ అద్దంలో పైన దూరం, కింద దగ్గర, మధ్యలో పవర్ మెల్లగా పెరిగే సన్నటి దారి. ఆ దారికి అటూఇటూ కొంత మసక తప్పదు. 1959లో ఫ్రాన్స్‌లో వచ్చిన వారిలక్స్ అనే ప్రోగ్రెసివ్ అద్దం నుంచీ అంతే. నా బాధ అది కాదు.

భీమవరంలో ఇంకో కళ్ళజోళ్ళ షాపాయన నా అద్దాన్ని లైటుకి ఏటవాలుగా పట్టి చూపించారు. 34 మిల్లీమీటర్ల ఎడంలో రెండు బుల్లి గుర్తులు చెక్కి ఉన్నాయి! వాటిని బట్టి స్కెచ్ పెన్నుతో ప్లస్ గుర్తు వేసి, కళ్ళజోడు పెట్టుకోమన్నారు. తిన్నగా చూస్తే కంటిపాప మీద ఉండాల్సిన ప్లస్ 3 మిల్లీమీటర్లు కిందికుంది. ముక్కు ప్యాడ్లు దగ్గరికి నొక్కి ఫ్రేము పైకి లేపారు. కొత్తది చేయించేవాళ్ళు ఫ్రేము ముఖానికి సరిచేశాకే కంటిపాప ఎత్తు కొలిపించుకోండి.

అక్కడే పుస్తకం తీసి మూడో చెరువు మేత లెక్క చదివాను, తల ఎత్తకుండా.