పాత ల్యాప్‌టాప్‌లో ఓఎస్ ఎక్కట్లేదా? ఎక్కడ ఆగిందో చూడండి, కారణం అక్కడే ఉంటుంది

పాత ల్యాప్‌టాప్‌లో ఓఎస్ వేస్తూ ఎక్కడన్నా తేడా కొడితే మనం ఫస్ట్ అనే మాట "దీని పని అయిపోయింది, ర్యామ్ సరిపోవట్లేదు" అని. నేనూ చాలాసార్లు అదే అనుకున్నా. కానీ నేను కెలికిన వాటిల్లో నిజంగా ర్యామ్ చాలక ఆగిపోయినవి తక్కువే, ఎక్కువసార్లు తప్పు ఇమేజ్ (ఓఎస్ ఇన్‌స్టాల్ ఫైల్) తీసుకోవడమో, బూట్ మోడ్ (ల్యాప్‌టాప్ స్టార్ట్ అయ్యే పద్ధతి) మ్యాచ్ కాకపోవడమో, లేదంటే హార్డ్ డిస్క్ లోపల్లోపల చచ్చిపోతూ ఉండటమో. అందుకే ఏ స్టేజ్‌లో ఆగిందో దాన్ని బట్టి రాస్తున్నా. పాతది అంటే ఇక్కడ 1 నుంచి 4 జీబీ ర్యామ్, కోర్ 2 డుయో, ఆటమ్, మొదటి జనరేషన్ ఐ3 లాంటి ప్రాసెసర్లు ఉన్నవి. బ్యాకప్ తీసుకున్నారనే అనుకుంటున్నా, తీసుకోకపోతే ముందు ఆ పని చూసి రండి.

పెన్ డ్రైవ్ పెట్టినా పాత ఓఎస్సే ఓపెన్ అవుతోంది

బూట్ మెనూ, అంటే దేన్నుంచి స్టార్ట్ అవ్వాలో ఎంచుకునే లిస్ట్, పిలవలేదన్నమాట. పవర్ నొక్కగానే లెనోవో, డెల్ చాలా మోడల్స్‌లో ఎఫ్12, హెచ్‌పీలో ఎస్కేప్ కొట్టి తర్వాత ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్. ఏసర్‌లో ఎఫ్12 ఎంత కొట్టినా ఉలకదు పలకదు, ఎందుకంటే చాలా మోడల్స్‌లో ఆ మెనూ ఆఫ్‌లో ఉంటుంది, ఎఫ్2 తో బయోస్ (ఓఎస్ కంటే ముందు లేచే మదర్‌బోర్డ్ ప్రోగ్రామ్) లోకి వెళ్ళి ఎఫ్12 బూట్ మెనూ అనే ఆప్షన్ ఎనేబుల్ చేసుకోవాలి.

ఐఎస్ఓ ఫైల్‌ని (ఇందాక ఇమేజ్ అన్నది దీన్నే) పెన్ డ్రైవ్‌లోకి కాపీ పేస్ట్ చేసి బూట్ అవ్వట్లేదు అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, అది అలా అవ్వదు, రూఫస్ లాంటి టూల్‌తోనే రాయాలి.

మెనూలో పెన్ డ్రైవ్ కనిపిస్తోంది, సెలెక్ట్ చేస్తే నల్ల స్క్రీన్, మూలన ఒక గీత మెరుస్తూ ఉంటుంది

ఇది చాలా కామన్. 2010కి ముందు ల్యాప్‌టాప్‌లు దాదాపు అన్నీ పాత రకం బయోస్‌వే, బయోస్ స్థానంలో తర్వాత వచ్చిన యూఈఎఫ్ఐ అంటే ఏంటో వాటికి తెలీదు. మీరేమో రూఫస్‌లో పార్టిషన్ స్కీమ్ (డిస్క్‌ని భాగాలు చేసే పద్ధతి) జీపీటీ పెట్టి రాసేసి ఉంటారు, అది యూఈఎఫ్ఐ మెషిన్లకి. మళ్ళీ రాయండి, ఈసారి పాత పద్ధతి ఎంబీఆర్ పెట్టి, టార్గెట్ దగ్గర బయోస్ ఉన్న ఆప్షన్ తీసుకోండి. లినక్స్ ఐఎస్ఓ అయితే రాసే ముందు ఐఎస్ఓ మోడా డీడీ మోడా అని అడుగుతుంది, ఐఎస్ఓ మోడ్‌లో రాసి బూట్ చేస్తే కొన్ని పాత మెషిన్లలో ఎల్‌డీలినక్స్ అనే ఫైల్ లోడ్ అవ్వలేదని ఎర్రర్ వస్తుంది, అదే ఐఎస్ఓ డీడీ మోడ్‌లో రాస్తే హాయిగా లేస్తుంది.

అప్పటికీ లేవకపోతే పోర్ట్ మార్చండి. లోపల నీలం రంగు ఉన్నది యూఎస్‌బీ 3, నల్లది సాధారణంగా యూఎస్‌బీ 2. పాత బయోస్‌లకి నల్లదే సేఫ్. విండోస్ 7 ఇన్‌స్టాల్‌లో సీడీ డీవీడీ డ్రైవర్ మిస్సింగ్ అని ఒక వింత మెసేజ్ వస్తుంది చూడండి, అసలు డీవీడీనే వాడట్లేదు కదా ఇదేంటి అని జుట్టు పీక్కుంటాం, విండోస్ 7 సెటప్‌లో యూఎస్‌బీ 3 డ్రైవర్లు ఉండవు కాబట్టి పెన్ డ్రైవ్‌ని నీలం పోర్ట్‌లో పెడితే దాని కళ్ళకి అది కనపడదు, అంతే. నల్ల పోర్ట్‌లోకి మార్చండి.

"ఎక్స్86-64 సీపీయూ కావాలి, ఇక్కడ ఐ686 మాత్రమే ఉంది" అని లైన్ వచ్చి ఆగిపోయింది

32 బిట్ ప్రాసెసర్‌కి 64 బిట్ ఇమేజ్ ఇచ్చారు. పేరులో ఒక్క అంకె తేడాకి కథ మారిపోతుంది, కోర్ 2 డుయో అంటే 64 బిట్, మధ్యలో 2 లేకుండా ఉత్త కోర్ డుయో అంటే 32 బిట్. చిన్న నెట్‌బుక్‌లలో వచ్చిన ఆటమ్ ఎన్270 కూడా 32 బిటే. స్టిక్కర్ నమ్మకుండా ప్రాసెసర్ మోడల్ నంబర్ చూసి కన్ఫర్మ్ చేసుకోండి.

32 బిట్‌కి ఇప్పుడు దారులు తగ్గిపోతున్నాయి. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 (లినక్స్‌లో ఒక రకం) కి 32 బిట్ ఇన్‌స్టాలర్ ఉంది, 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 కి తీసేశారు. యాంటీఎక్స్, ఎంఎక్స్ లినక్స్ 23 లో కూడా 32 బిట్ దొరుకుతుంది. కాబట్టి లేటెస్ట్ వెర్షనే కావాలి అని పట్టుబడితే 32 బిట్ మెషిన్‌తో పని జరగదు.

ఇందులోనే ఇంకో దిక్కుమాలిన రకం ఉంది, బే ట్రెయిల్ ఆటమ్‌తో వచ్చిన చౌక మినీ ల్యాప్‌టాప్‌లు. వాటిల్లో ప్రాసెసర్ 64 బిట్, యూఈఎఫ్ఐ మాత్రం 32 బిట్. మామూలు 64 బిట్ పెన్ డ్రైవ్ బూట్ మెనూలోనే కనిపించదు. ఈఎఫ్ఐ ఫోల్డర్‌లో బూట్‌ఐఏ32 అనే ఫైల్ ఉన్న ఇమేజ్ అయితేనే లేస్తుంది, పెన్ డ్రైవ్ ఓపెన్ చేసి ఆ ఫైల్ ఉందో లేదో చూసుకోవచ్చు.

లినక్స్ మెనూ వచ్చింది, ఎంటర్ కొట్టగానే స్క్రీన్ మొత్తం నలుపు

గ్రాఫిక్స్ డ్రైవర్ గొడవ. మెనూలో మొదటి లైన్ మీద ఉండి కీబోర్డ్‌లో ఇ నొక్కండి, నాలుగైదు లైన్లు ఓపెన్ అవుతాయి, అందులో లినక్స్ అనే పదంతో మొదలయ్యే లైన్ చివరికి వెళ్ళండి, అక్కడ క్వయట్ స్ప్లాష్ అని ఉంటుంది, దాని పక్కన ఒక స్పేస్ ఇచ్చి నోమోడ్‌సెట్ (nomodeset) అని చిన్న అక్షరాల్లో కలిపి టైప్ చేసి ఎఫ్10 కొట్టండి. పాత బయోస్‌లో కొన్ని డిస్ట్రోలకి (లినక్స్ రకాలకి) వేరే రకం మెనూ వస్తుంది, అక్కడ ఇ బదులు ట్యాబ్ నొక్కాలి.

ఇన్‌స్టాల్ అయ్యాక మొదటిసారి బూట్‌లో మళ్ళీ నలుపే వస్తే కంగారు పడొద్దు, ఇందాక చేసింది ఆ ఒక్కసారికే, ఇంకోసారి చేయండి. ఎప్పటికీ అలాగే ఉంచేస్తే మాత్రం గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ పోయి వీడియోలు నత్తనడక నడుస్తాయి, కాబట్టి లోపలికి వెళ్ళగానే సరైన డ్రైవర్ వేసుకుని తీసేయండి.

విండోస్ గురించి రెండు ముక్కలు

టీపీఎం (విండోస్ 11 అడిగే సెక్యూరిటీ చిప్) చెక్ తప్పించి విండోస్ 11 వేసేద్దాం అని కోర్ 2 డుయో మీద ట్రై చేసేవాళ్ళకి, 24హెచ్2 వెర్షన్ నుంచి పాప్‌కౌంట్ అనే ఇన్‌స్ట్రక్షన్ ప్రాసెసర్‌లో లేకపోతే అసలు బూటే అవ్వదు, కోర్ 2 డుయోలో అది లేదు, ఏ ట్రిక్కూ పనిచేయదు. విండోస్ 10 కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14 తో అయిపోయింది. నా మాట అడిగితే 2 జీబీ ర్యామ్ మెషిన్‌కి విండోస్ ఆశ వదిలేయడమే మంచిది.

డిస్క్ సెలెక్ట్ చేసే దగ్గర జీపీటీ స్టైల్ కాబట్టి ఇన్‌స్టాల్ అవ్వదు అని వస్తే మీరు బయోస్ మోడ్‌లో బూట్ అయ్యారు, ఎంబీఆర్ కాబట్టి అవ్వదు అంటే యూఈఎఫ్ఐ మోడ్‌లో అయ్యారు. పెన్ డ్రైవ్‌ని రెండో మోడ్‌లో లేపండి, లేదా బ్యాకప్ ఉంటే డిస్క్‌లో పార్టిషన్లు అన్నీ డిలీట్ చేసి ఖాళీగా ఇచ్చేయండి.

ఇన్‌స్టాల్ మధ్యలో ఒక పర్సంటేజ్ దగ్గర అతుక్కుపోయింది

ఇక్కడే నేను ఒక రాత్రంతా పోగొట్టుకున్నా. 73 పర్సెంట్ దగ్గర ఆగింది, ఐఎస్ఓ పాడైందేమో అని మళ్ళీ డౌన్‌లోడ్ చేసా, ఈసారి 68, డిస్ట్రో మార్చా, ఇంకోచోట ఆగింది. చివరికి విసుగొచ్చి కీబోర్డ్ కింద అరచేయి పెట్టే చోట చెవి ఆనించి విన్నా, టక్... కాసేపు నిశ్శబ్దం... మళ్ళీ టక్. హార్డ్ డిస్క్ చదవలేక తల కొట్టుకుంటోంది.

అందుకని ముందు చేయాల్సింది ఎస్‌హెచ్‌ఏ256 చెక్‌సమ్ (ఫైల్‌కి వేలిముద్ర లాంటి కోడ్) డౌన్‌లోడ్ సైట్‌లో ఉన్నదానితో సరిపోల్చడం, రెండు నిమిషాల పని, అది సరిపోతే ఐఎస్ఓ మీద అనుమానం వదిలేసి డిస్క్ స్మార్ట్ రిపోర్ట్ (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) చూడండి. లైవ్ లినక్స్‌లో (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్ డ్రైవ్ నుంచే నడిచేది) డిస్క్స్ యాప్ ఉంటే అందులోనే ఉంటుంది, విండోస్‌లో అయితే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో. చూడాల్సింది మూడే, 5 నంబర్ రీఅలొకేటెడ్ సెక్టార్స్, 197 నంబర్ పెండింగ్ సెక్టార్స్, 199 నంబర్ సీఆర్‌సీ ఎర్రర్స్. 5, 197 లో రా వాల్యూ సున్నా కాకుండా ఉండి రోజురోజుకీ పెరుగుతుంటే ఆ డిస్క్‌లో ఏ ఓఎస్ వేసినా టైమ్ వేస్ట్. 199 ఒక్కటే పెరుగుతుంటే మాత్రం డిస్క్ బాగానే ఉండి కనెక్టర్ లూజ్ అయి ఉండొచ్చు, తీసి మళ్ళీ గట్టిగా పెట్టి చూడండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో రా వాల్యూస్ మామూలుగా హెక్స్‌లో చూపిస్తుంది, సెట్టింగ్స్‌లో దశాంశానికి మార్చుకోకపోతే అంకెలు చూసి గాభరా పడతాం.

విండోస్ సెటప్‌లో 80070570 తో ముగిసే ఎర్రర్ వచ్చినా లైన్ ఇదే, ఫైల్ పాడైంది అని దానర్థం, పాడు చేసింది పెన్ డ్రైవా, డిస్కా, ర్యామా అన్నది మనం కనుక్కోవాలి. ర్యామ్‌కి మెమ్‌టెస్ట్86 ప్లస్ పెట్టి కనీసం ఒక పాస్ పూర్తిగా తిరగనివ్వండి, ఒక్క ఎర్రర్ వచ్చినా సరే, స్టిక్‌లు ఒక్కొక్కటిగా పెట్టి ఏది దొంగో తేల్చండి.

ఎర్రర్ ఏమీ లేకుండా టప్‌మని ఆఫ్ అయిపోతే ఎక్కువసార్లు అది వేడి. ఫ్యాన్ గాలి బయటకొచ్చే చోట దుమ్ము దుప్పటిలా పేరుకుని ఉంటుంది.

ఇక నిజంగానే ర్యామ్ చాలని కేసు, 1 జీబీ ఉన్నప్పుడు లైవ్ డెస్క్‌టాప్ ఓపెన్ చేసి అందులోంచి ఇన్‌స్టాల్ నొక్కడం. లైవ్ సెషనే సగం ర్యామ్ మింగేస్తుంది. డెబియన్ నెట్ ఇన్‌స్టాల్ తీసుకుని టెక్స్ట్ ఇన్‌స్టాలర్‌తో వెళ్ళండి, చూడ్డానికి బాగోదు గానీ పని అవుతుంది.

అంతా సక్సెస్ అంది, రీస్టార్ట్ చేస్తే బూటబుల్ డివైస్ లేదంది

పెన్ డ్రైవ్ మళ్ళీ పెట్టి చూడండి. అది పెడితే ఓఎస్ లేస్తుంది, తీస్తే లేవదు అంటే గ్రబ్ (లినక్స్‌ని లేపే ప్రోగ్రామ్) హార్డ్ డిస్క్ మీద కాకుండా పెన్ డ్రైవ్ మీద కూర్చుంది. ఇన్‌స్టాలర్ గ్రబ్ ఎక్కడ అని అడిగినప్పుడు సైజ్ చూడకుండా ఎంటర్ కొట్టేసి ఉంటాం. లైవ్‌లోకి వెళ్ళి బూట్ రిపేర్ టూల్‌తో అసలు డిస్క్‌కి గ్రబ్ మళ్ళీ వేస్తే సరి. యూఈఎఫ్ఐ వచ్చిన కొత్తల్లోని మెషిన్లలో ఇంకో జబ్బు, అవి ఈఎఫ్ఐ పార్టిషన్‌లో బూట్ అనే ఫోల్డర్‌లో బూట్ఎక్స్64 అనే ఫైల్‌ని తప్ప వేరేదాన్ని పట్టించుకోవు, డెబియన్‌లో రిమూవబుల్ పాత్‌కి కూడా వేయాలా అని ఒక ప్రశ్న ఉంటుంది, దానికి అవును అనండి.

వైఫై లేదు, అప్‌డేట్ అవ్వట్లేదు

బ్రాడ్‌కామ్ చిప్ అయితే ఫర్మ్‌వేర్ విడిగా వేయాలి, దానికి నెట్ కావాలి, నెట్‌కి వైఫై కావాలి. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, చాలావరకు వెంటనే నెట్ వచ్చేస్తుంది. నెట్ ఉన్నా సైట్లన్నీ సర్టిఫికెట్ ఎర్రర్ ఇస్తుంటే, అప్‌డేట్ రిలీజ్ ఫైల్ ఇంకా చెల్లదు అంటుంటే గడియారం చూడండి, పదిహేనేళ్ళు వెనక్కి పోయి ఉంటుంది, మదర్‌బోర్డ్ మీద నాణెం సైజ్ బ్యాటరీ అయిపోయిందని అర్థం. చాలావాటిలో సీఆర్2032 ఉంటుంది, కొన్నిట్లో వైర్ కనెక్టర్‌తో వస్తుంది, తీసి చూసి కొనండి.

ఓఎస్ ఎక్కింది కానీ పాకుతోంది

ఎల్‌ఎక్స్‌క్యూటీ, ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటి తేలిక డెస్క్‌టాప్, జడ్‌ర్యామ్ (ర్యామ్‌లోని డేటాని కుదించి చోటు మిగిల్చేది) ఆన్ చేయడం, ఇవి సాయం చేస్తాయి గానీ బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు తెరిస్తే 2 జీబీకి ఏ డిస్ట్రో వచ్చినా చేసేదేం లేదు. నిజంగా తేడా తెలిసేది హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టినప్పుడే. కొనే ముందు కింద మూత విప్పి కనెక్టర్ చూడండి, చదునుగా ఎల్ ఆకారం గాడి ఉంటే సాటా, రెండు వరుసల్లో సన్నటి పిన్నులు ఉంటే పాత ఐడీఈ, మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ అందులో ఎక్కదు.