పాస్ గీత దాటడం – 4వ పాఠం: మిగులు ఎంత ఉండాలి?

గత పాఠంలో చెప్పినట్టు నమూనా పరీక్షల మార్కులు రాసి పెట్టారా? ఫిలిప్పీన్స్‌లో వైద్యం చదివి కావలి తిరిగొచ్చి, ఎఫ్‌ఎంజీఈకి (విదేశాల్లో వైద్యం చదివినవారు ఇక్కడ ప్రాక్టీసు చేయడానికి గట్టెక్కాల్సిన పరీక్ష) కూర్చుంటున్న ఒక అబ్బాయి తన పేజీ చూపించాడు: 158, 149, 163, 154. కింద ఎర్ర సిరాతో ‘సగటు 156, పాస్’ అని రాసుకున్నాడు. 300కు 150 వస్తే చాలు కదా అని ధీమా.

నాకు ఆ పేజీలో కనిపించింది 149.

ప్రశ్నపత్రం మారితే మార్కులూ అటూ ఇటూ ఊగుతాయి. ఆ ఊగు ఎంతో తెలియాలంటే ప్రశ్నల సంఖ్యకు వర్గమూలం తీసి, సగం చేయండి. 300కు వర్గమూలం 17 పైచిలుకు. సగం, దాదాపు 9. అంటే 156 స్థాయి ఉన్నవాడు నాలుగైదు సార్లలో ఒకసారి తప్పుతాడు. ఊగుకు రెండింతలు, అంటే ఆ వర్గమూలమే, 17 మార్కులు గీత మీద కలిపి 167 దగ్గర నిలబడితే, తప్పే అవకాశం యాభైలో ఒకటికి దిగుతుంది. 2021 నవంబరులో పెన్నా వరద చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. మామూలు నీటిమట్టానికి సరిపడా కరకట్ట ఎవరు కడతారు?

అమెరికాలో డాక్టర్ల లైసెన్సు పరీక్షలోనూ ఇదే తంతు. 2022 జనవరి 26 నుంచి దాని మొదటి దశ అయిన స్టెప్ 1కు మార్కులు చెప్పడం మానేసి, పాస్ లేదా ఫెయిల్ అని మాత్రమే చెబుతున్నారు. అదే సమయంలో పాస్ గీతను 194 నుంచి 196కు పెంచారు. ఆ ఏడాది మొదటి ప్రయత్నంలో గట్టెక్కినవారి శాతం తగ్గింది. గీత రెండు మార్కులు పెరగడం ఒక్కటే కారణమంటే నేను నమ్మను. అంతకుముందు 240 కోసం పరుగెత్తేవారికి 194 దారిలో వచ్చే చిన్న ఊరు. మార్కు కనిపించనప్పుడు ఆ ఊరే గమ్యమైంది. పరుగు తర్వాతి దశ పరీక్ష స్టెప్ 2 సీకే వైపు మళ్లింది, దానికి ఇంకా మార్కులిస్తున్నారు కనుక.

(ఎఫ్‌ఎంజీఈలో తప్పు జవాబుకు మార్కులు కోయరు. అయినా ఖాళీలు వదిలేసేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.)

ఈ వారం పని: మీ చివరి నాలుగు నమూనా పరీక్షల్లో అతి తక్కువ మార్కును సున్నా చుట్టండి. అది గీతకు కిందే ఉంటే పరీక్ష రుసుము కట్టే ముందు ఐదో పాఠం చదవండి. అందులో మందుల శాస్త్రం తీసుకుందాం. కావలి అబ్బాయి 149కి అక్కడే జారాడు.