రాడ్ పాఠాలు – 5: నాలుగు ఎత్తులు, ఒకే త్రాసు

గత నాలుగు పాఠాల్లో స్క్వాట్ (రాడ్ భుజాల మీద మోస్తూ కూర్చుని లేవడం), బెంచ్ ప్రెస్ (బెంచ్ మీద పడుకుని రాడ్‌ను ఛాతీ నుంచి పైకి నెట్టడం), డెడ్‌లిఫ్ట్ (రాడ్‌ను నేల నుంచి లాగి నిలబడటం), నిలబడి రాడ్‌ను తలపైకి నెట్టే ఓవర్‌హెడ్ ప్రెస్ ఒక్కొక్కటిగా నేర్చుకున్నాం. ఇకపై ఉత్త "బెంచ్" అంటే బెంచ్ ప్రెస్, ఉత్త "ప్రెస్" అంటే ఓవర్‌హెడ్ ప్రెస్. ఈ పాఠంలో కొత్తగా ఎత్తేది ఏమీ లేదు, ఆ నాలుగింటిలో మన బలాన్ని ఒకదానితో ఒకటి పోల్చి చూసుకుంటాం. ఒక నోటుబుక్కు, పెన్ను, ఫోన్లో క్యాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి.

తిరుపతిలో లీలామహల్ సెంటర్ వైపు పోయినా, ఎమ్మార్ పల్లి వైపు పోయినా, ఏ జిమ్‌లోనైనా కొత్తవాడికి ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒకటే: "బెంచ్ ఎంత కొడతావన్నా?" స్క్వాట్ ఎంత అని అడిగేవాళ్ళు తక్కువ. ప్రెస్ సంగతి ఎవరూ అడగరు. అడిగేదే మనం పెంచుకుంటాం. రెండేళ్ళకు ఛాతీ ఒక చోట, కాళ్ళు ఇంకో చోట ఉంటాయి. నాకూ అలాగే జరిగింది. బెంచ్ మీద వచ్చిన ధైర్యంతో డెడ్‌లిఫ్ట్ రాడ్‌కు ప్లేట్లు ఎక్కించి లాగాను. నడుం పట్టేసి మూడు వారాలు స్కూటర్ కూడా నడపలేకపోయాను. నా బెంచ్‌కు నా డెడ్‌లిఫ్ట్ ఎంత ఉండాలి, ఎంత ఉంది అని అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. ఈ పాఠం అందుకే రాస్తున్నాను.

ముందు తూకం సరిచేద్దాం

పోల్చాలంటే కొలత నిజమై ఉండాలి. మన జిమ్‌లలో చాలామంది రాడ్ బరువు లెక్కలో వేయరు. "రెండు పక్కలా ఇరవై, అంటే నలభై" అంటారు. 2.2 మీటర్ల పొడవుండే ఒలింపిక్ రాడ్ ఒక్కటే 20 కిలోలు, కాబట్టి అది 60. ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్ పోటీల రాడ్ 15 కిలోలు. కానీ చిన్న జిమ్‌లలో ఉండే సన్న రాడ్‌లకు ఒక పద్ధతంటూ ఉండదు. కాబట్టి ఊహించొద్దు. బరువు చూసుకునే మిషన్ మీద మీరు ఒకసారి, రాడ్ పట్టుకుని ఇంకోసారి నిలబడి తేడా రాసుకోండి. ప్లేట్ల మీద పౌండ్లు రాసి ఉంటే 2.2తో భాగించండి. 45 పౌండ్ల ప్లేటు 20 కిలోల కంటే కొంచెం ఎక్కువే.

రెండోది, రెప్ (ఒకసారి పూర్తిగా చేయడం) నిజమైనదేనా? స్క్వాట్‌లో తుంటి మడత మోకాలి పైభాగం కంటే కిందికి దిగాలి. బెంచ్‌లో రాడ్ ఛాతీని తాకాలి, పిరుదులు బెంచ్ మీది నుంచి లేవకూడదు. డెడ్‌లిఫ్ట్‌లో చివర మోకాళ్ళు, తుంటి పూర్తిగా నిటారు కావాలి. ప్రెస్‌లో మోకాళ్ళు వంచి ఊపు ఇవ్వకూడదు. సగం దిగిన 100 కిలోల స్క్వాట్‌ను నేను నోటుబుక్కులో రాయనివ్వను. పక్కనుంచి ఫోన్‌తో వీడియో తీయించుకోండి, మన కళ్ళు మనకు తెలియకుండానే మన పక్షం మాట్లాడతాయి.

ఒక్క రెప్ లెక్క

పోల్చడానికి ప్రతి ఎత్తులోనూ ఒక్కసారి మాత్రమే ఎత్తగల గరిష్ఠ బరువు కావాలి. దాన్ని నేరుగా ప్రయత్నించొద్దు. మొదటి ఏడాది వాళ్ళకు అది అనవసరమైన టెన్షన్, దెబ్బ తగిలే దారి కూడా. ఐదు రెప్‌లు శుభ్రంగా వచ్చి, ఆరోది రాదనిపించే బరువు చాలు. ఎప్లీ సూత్రం అని ఒకటుంది: రెప్‌ల సంఖ్యను 30తో భాగించి, 1 కలిపి, బరువుతో గుణించాలి. 60 కిలోలు ఐదు రెప్‌లు వస్తే 60 × (1 + 5/30), అంటే 70 కిలోలు. ఇది అంచనా మాత్రమే. మూడు నుంచి ఆరు రెప్‌ల లోపు బాగా పనిచేస్తుంది, పది దాటితే నమ్మొద్దు.

కొలిచే రోజు గురించి ఒక మాట. కొండకు నడిచి వెళ్ళొచ్చిన మర్నాడు స్క్వాట్ కొలవకండి. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కిన తొడలు రెండు రోజులకు గాని మన మాట వినవు. రోహిణీ కార్తె మధ్యాహ్నం డెడ్‌లిఫ్ట్ కొలవకండి, చెమటకు రాడ్ జారుతుంది. బెంచ్‌కు వెనక ఒకరు నిలబడాలి. బీపీ గానీ, పాత నడుం నొప్పి గానీ ఉంటే డాక్టరును అడిగాకే ఈ పాఠం మొదలుపెట్టండి.

మెట్ల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. "నెలనెలా కొండెక్కుతాను సార్, నా కాళ్ళకేం" అనేవాళ్ళు ఇక్కడ చాలామంది. అది గొప్ప ఓపిక, కాదనను. కానీ అక్కడ ప్రతి అడుగులో ఎత్తేది మన ఒంటి బరువే, వేల సార్లు. స్క్వాట్‌లో ఎత్తేది దానికి తోడు ఇంకో మనిషంత బరువు, ఐదే సార్లు. ఒకటి ఉంటే రెండోది దానంతట అదే రాదు.

తులాభారం

ఇప్పుడు అసలు సంగతి. కొండ మీద తులాభారం చూసే ఉంటారు. ఒక తట్టలో మొక్కుకున్న బిడ్డ, ఇంకో తట్టలో బెల్లమో, చక్కెరో, రూపాయి బిళ్ళలో. పన్నెండు కిలోల బిడ్డకు పన్నెండు కిలోల బెల్లం, ఎనభై కిలోల తండ్రికి ఎనభై కిలోలు. కిలోలు వేరైనా మొక్కు ఒకటే. బలాన్ని కూడా అలాగే తూయాలి. 60 కిలోల మనిషి 90 కిలోల స్క్వాట్ చేస్తే ఒంటికి ఒకటిన్నర రెట్లు. 90 కిలోల మనిషి అదే చేస్తే ఒంటికి సమానం.

అన్ని ఎత్తులకూ ఒకే రెట్టు పెట్టకూడదు. డెడ్‌లిఫ్ట్ అన్నిటికంటే ఎక్కువ వస్తుంది, ఎందుకంటే తొడల వెనక భాగం, పిరుదులు, నడుం, వీపు అన్నీ కలిసి లాగుతాయి. రాడ్ నేల నుంచి తొడల దాకా వస్తే చాలు. స్క్వాట్‌లో బరువును మోస్తూ కిందికి దిగి, అడుగున మలుపు తిరిగి రావాలి, పైగా రాడ్‌తో పాటు మన ఒంట్లో చాలా భాగాన్ని కూడా లేపుతున్నాం. బెంచ్‌లో పని చేసేవి ఛాతీ, భుజం ముందు భాగం, చేతి వెనక కండ. ప్రెస్‌లో ఛాతీ సాయం కూడా దాదాపు పోతుంది.

ఈ క్రమాన్ని జిమ్‌లలో 2:3:4:5 అని గుర్తుపెట్టుకుంటారు. ప్రెస్ 2, బెంచ్ 3, స్క్వాట్ 4, డెడ్‌లిఫ్ట్ 5. ఇది శాసనం కాదు, అనుభవం మీద నిలిచిన కొలబద్ద. ఒంటి బరువులో పావు వంతును ఒక వాటా అనుకోండి. ప్రెస్ రెండు వాటాలు, అంటే ఒంట్లో సగం. బెంచ్ ముప్పావు. స్క్వాట్ ఒంటికి సమానం. డెడ్‌లిఫ్ట్ ఒకటింపావు. నేను పెట్టుకున్న మొదటి మైలురాయి ఇదే. స్క్వాట్ ఒకటిన్నర రెట్లకు చేరి, మిగతావి అదే నిష్పత్తిలో పెరిగితే రెండో మైలురాయి. మూడోది వాటా సగం ఒంటికి చేరినప్పుడు: ప్రెస్ ఒంటికి సమానం, బెంచ్ ఒకటిన్నర, స్క్వాట్ రెండు, డెడ్‌లిఫ్ట్ రెండున్నర. మూడోది ఏళ్ళ తరబడి పని. అది చేరని వాళ్ళు బలహీనులేం కాదు.

మీరు ఇంకో మాట కూడా వినే ఉంటారు: "ఒక ప్లేటు ప్రెస్, రెండు బెంచ్, మూడు స్క్వాట్, నాలుగు డెడ్‌లిఫ్ట్." ఆ ప్లేట్లు రాడ్‌కు ఒక్కో పక్కన అన్నమాట. 20 కిలోల ప్లేట్లు, 20 కిలోల రాడ్‌తో అవి 60, 100, 140, 180. చెప్పుకోవడానికి బాగుంటుంది. కానీ 60 కిలోల మనిషికి 180 అంటే మూడు రెట్లు, 90 కిలోల మనిషికి రెండే రెట్లు. సన్నగా ఉన్న పిల్లలు ఈ మాట విని మనసు పాడుచేసుకోవడం చూశాను. అది మీ త్రాసు కాదు, వదిలేయండి.

వాటా తీయడం

ఒక ఉదాహరణ. యూనివర్సిటీ హాస్టల్లో ఉండే కుర్రాడు అనుకోండి, బరువు 64 కిలోలు. ప్రెస్ 35 కిలోలు ఆరు రెప్‌లు, ఎప్లీ ప్రకారం 42. బెంచ్ 60 ఐదు, అంటే 70. స్క్వాట్ కూడా 60 ఐదు, 70. డెడ్‌లిఫ్ట్ 75 ఆరు, 90.

ఇప్పుడు ప్రతి దాన్నీ 2:3:4:5లో దాని అంకెతో భాగించాలి, వచ్చేదే ఆ ఎత్తులో అతని వాటా. ప్రెస్ 42ను 2తో: 21. బెంచ్ 70ని 3తో: 23.3. స్క్వాట్ 70ని 4తో: 17.5. డెడ్‌లిఫ్ట్ 90ని 5తో: 18. కిలోల్లో చూస్తే అతని బెంచ్, స్క్వాట్ సమానం, డెడ్‌లిఫ్ట్ అన్నిటికంటే గొప్ప. వాటాల్లో చూస్తే కథ తిరగబడింది. అతని ఒంట్లో పావు వంతు 16, కాబట్టి నాలుగు ఎత్తులూ మొదటి మైలురాయి దాటాయి. రెండో మైలురాయి వాటా 24. బెంచ్ దాని గుమ్మం దగ్గరే ఉంది, కాళ్ళు, నడుం ఎక్కడో వెనక ఉన్నాయి.

అతను చేయాల్సింది బెంచ్ ఆపేయడం కాదు. బెంచ్, ప్రెస్ ఉన్న చోట నిలిపి, వారానికి మూడు రోజులు స్క్వాట్‌ను మొదటి ఎక్సర్‌సైజ్‌గా, ఒంట్లో సత్తువ ఉన్నప్పుడే చేయాలి. 55 కిలోలతో మొదలుపెట్టి, ఐదు రెప్‌ల సెట్లు (ఆగకుండా ఐదు చేస్తే ఒక సెట్) మూడు, ప్రతిసారీ 2.5 కిలోలు కలుపుతూ పోతే ఎనిమిదో సెషన్‌కు 72.5 వస్తుంది. ఎప్లీ ప్రకారం అది దాదాపు 84.6, వాటా 21 దాటుతుంది. మధ్యలో ఒకటి రెండు సెషన్లు కుదరకపోయినా నెల చాలు. డెడ్‌లిఫ్ట్ వారానికి ఒక్కసారి, ఒకే బరువైన సెట్. స్క్వాట్ పెరుగుతుంటే అదీ వెంట వస్తుంది.

ప్రెస్‌లో మాత్రం ఈ 2.5 అచ్చిరాదు. 90 కిలోల మీద 2.5 అంటే నూటికి మూడు కంటే తక్కువ. 42 మీద అదే 2.5 నూటికి ఆరు. అందుకే ప్రెస్ మొండికేస్తుంది, మన తప్పేం లేదు. అర కిలో ప్లేట్లు దొరికితే మంచిది, లేకపోతే బరువు పెంచకుండా ముందు రెప్‌లు ఐదు నుంచి ఏడుకు తీసుకెళ్ళండి.

ఆడవాళ్ళ లెక్క కొంచెం వేరు. 58 కిలోల టీచరమ్మ ప్రెస్ 22, బెంచ్ 35, స్క్వాట్ 52.5, డెడ్‌లిఫ్ట్ 70 అనుకుందాం. వాటాలు 11, 11.7, 13.1, 14. పైభాగం వెనకబడ్డట్టు కనిపిస్తుంది గానీ అది లోపం కాదు. ఆడవాళ్ళలో నడుం కింది బలంతో పోలిస్తే భుజాల బలం వాటా సాధారణంగా తక్కువే. అందుకే ప్రెస్‌ను బెంచ్‌తో, స్క్వాట్‌ను డెడ్‌లిఫ్ట్‌తో జతగా పోల్చాలి. ఈ నాలుగు అంకెలు జతజతగా చక్కగా సరిపోయాయి. మన కర్ణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్ (నేల నుంచి ఒకే ఊపులో తలపైకి) 110, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి) 130 ఎత్తి కాంస్యం గెలిచారు. ఆ రెంటి మధ్య కూడా చూడండి, మొదటిది రెండోదాంట్లో నూటికి 85 దగ్గర ఉంది. వెయిట్‌లిఫ్టింగ్ కోచ్‌లు ఆ జతను ఇలాగే పక్కపక్కన పెట్టి చూస్తారు.

ఒళ్ళు పొడవు పొట్టి కూడా లెక్కలోకి వస్తుంది. చేతులు పొడవుగా ఉన్నవాళ్ళకు డెడ్‌లిఫ్ట్ సులువు, బెంచ్ కష్టం. తొడ ఎముక పొడవైతే స్క్వాట్‌లో ముందుకు ఎక్కువ వంగాల్సి వస్తుంది. వాటాల మధ్య ఒకటి రెండు కిలోల తేడాకు కంగారు పడకండి. పెద్ద వాటాలో ఐదో వంతు కంటే ఎక్కువ తేడా ఉంటేనే పట్టించుకోండి.

భారీ మనుషులకు ఒక సవరణ. మనిషి అన్ని వైపులా ఒకే తీరుగా పెద్దవాడైతే బరువు పొడవు, వెడల్పు, మందం మూడింటితోనూ పెరుగుతుంది. కండ బలం కండ అడ్డకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది, అది రెండింటితోనే పెరుగుతుంది. అందుకే 55 కిలోల మనిషి ఒంటికి రెండు రెట్లు, 110 స్క్వాట్ చేస్తే, దానికి సాటి వచ్చేది 95 కిలోల మనిషి 190 కాదు, దాదాపు 158. అంటే అతనికి 1.66 రెట్లు. పోటీల్లో విల్క్స్, సింక్లెయిర్ లాంటి సూత్రాలు పుట్టింది ఈ తేడా సరిచేయడానికే. మీరు 90 కిలోలు దాటి ఉంటే నా మైలురాళ్ళను ఆరేడు వంతుల్లో ఒక వంతు తగ్గించి చదువుకోండి.

ఇంటిపని

వచ్చే పాఠం లోపు వేర్వేరు రోజుల్లో నాలుగు ఎత్తులూ కొలవండి: సోమవారం స్క్వాట్, బుధవారం బెంచ్, శుక్రవారం డెడ్‌లిఫ్ట్, ఆ తర్వాతి సోమవారం ప్రెస్. నోటుబుక్కులో ఆరు గడులు గీయండి: ఎత్తు పేరు, రాడ్‌తో కలిపి బరువు, రెప్‌లు, ఎప్లీ అంచనా, ఒంటికి ఎన్ని రెట్లు, వాటా. పొద్దున టిఫిన్‌కు ముందు చూసుకున్న మీ బరువును పైన రాయండి. అన్నిటికంటే చిన్న వాటా చుట్టూ ఒక గుండ్రం గీయండి. ఆరో పాఠం ఆ గుండ్రం గీసిన ఎత్తుతోనే మొదలవుతుంది, అది స్క్వాట్ అయితే ఏ రోజు ఏం చేయాలి, ప్రెస్ అయితే ఏం చేయాలి అని నాలుగు వేర్వేరు నెల ప్రణాళికలు ఇస్తాను.