ఎస్‌జీఓ ఎక్కడ తేడా కొడుతోంది? సమస్య - పరిష్కారం

న్యూజెర్సీ స్కూళ్లలో పనిచేసే మన తెలుగు టీచర్లకి సెప్టెంబరు సగం దాటిందంటే ఒకటే టెన్షన్, ఎస్‌జీఓ. స్టూడెంట్ గ్రోత్ ఆబ్జెక్టివ్ అన్నమాట. ఈ ఏడాది నా పిల్లలు ఇక్కడి నుంచి ఇక్కడిదాకా ఎదుగుతారని అంకెల్లో రాసివ్వాలి, ఏడాది చివర్లో ఎంతమంది చేరారో చూపించాలి, దానికి 1 నుంచి 4 దాకా ఒక స్కోరు వేసి మన ఎవాల్యుయేషన్‌లో కలుపుతారు. 2012లో న్యూజెర్సీలో టీచర్ల ఎవాల్యుయేషన్ గురించి వచ్చిన టీచ్ ఎన్‌జే చట్టం పుణ్యమా అని మొదలైంది ఇదంతా. చాలా రాష్ట్రాల్లో దీన్నే ఎస్ఎల్ఓ (స్టూడెంట్ లెర్నింగ్ ఆబ్జెక్టివ్) అంటారు, వాషింగ్టన్ రాష్ట్రంలో స్టూడెంట్ గ్రోత్ గోల్ అంటారు. పేరు ఏదైనా జబ్బులు అవే, కాబట్టి ఈ ఏడాదే జె-1 వీసా (ఎక్స్ఛేంజ్ టీచర్లకి ఇచ్చేది) మీద వేరే రాష్ట్రంలో దిగిన తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ కూడా ఇది పనికొస్తుంది.

నేను మిడిల్ స్కూల్లో లెక్కలు చెప్తాను. నేను చూసినంతలో, మే నెలలో బయటపడే తలనొప్పి దాదాపు ప్రతిదీ అక్టోబరులోనే పుట్టి ఉంటుంది. మా దగ్గర గోల్ ఇచ్చేయడానికి గడువు అక్టోబరు 31. ఆ లోపు జాగ్రత్త పడితే సరే, లేదంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

గోల్ వెనక్కి వచ్చింది, పక్కన "ఇందులో గ్రోత్ ఏది?" అని రాసి ఉంది

మీరు రాసింది చూసుకోండి. "80 శాతం మంది విద్యార్థులు ఫైనల్ టెస్టులో 70 మార్కులు సాధిస్తారు" అని ఉందా? అదే సంగతి. మనం పెరిగింది పదో తరగతి పాస్ పర్సెంటేజీల మధ్య. 35 దాటితే పాస్, స్కూలుకి ఎంత శాతం వచ్చింది, పక్క స్కూలుకి ఎంత వచ్చింది, అంతే లెక్క. ఆ అలవాటు చెయ్యి కదలగానే బయటికి వచ్చేస్తుంది. కానీ సెప్టెంబరులోనే 72 తెచ్చుకున్న పిల్ల ఏడాదంతా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నా మీ గోల్ నెగ్గినట్టే, 15 నుంచి 62కి ఎగబాకిన పిల్లాడు మాత్రం ఓడినట్టు. ప్రిన్సిపల్ అడిగేది ఆ 15కీ 62కీ మధ్య ఉన్న దూరం గురించి.

కాబట్టి వాక్యంలో రెండు అంకెలు ఉండాలి, మొదలు ఎక్కడ, చేరాల్సింది ఎక్కడ. మొదటి అంకె లేకుండా రాసిన గోల్ ఎంత అందంగా ఉన్నా మళ్లీ వెనక్కే వస్తుంది.

ప్రీటెస్ట్ మార్కులు చూస్తే తలా తోకా లేదు

నేను ఎక్కువ దెబ్బ తిన్నది ఇక్కడే. ఒక ఏడాది 25 ప్రశ్నల ప్రీటెస్ట్ పెట్టాను, ఒక్కోదానికి నాలుగు ఆప్షన్లు. "మార్కులు గ్రేడుకి కలపను, కంగారు పడకండి" అని మంచి మనసుతో చెప్పాను కూడా. క్రోమ్‌బుక్ రిపోర్టు తెరిస్తే ఒక పిల్లాడు 4 నిమిషాల్లో ముగించాడు, 7 రైట్. ఇంకో అమ్మాయి 38 నిమిషాలు కూర్చుంది, 6 రైట్. కాగితం మీద అబ్బాయి ముందున్నాడు! అసలు విషయం ఏంటంటే, ప్రశ్న చదవకుండా నొక్కుకుంటూ పోయినా 25లో సగటున ఆరు రైటవుతాయి. ఆ 7 వాడి లెక్కల జ్ఞానం కాదు, లాటరీ. అలాంటి కాకిలెక్కల మీద నేను ఏడాది మొత్తానికి టార్గెట్లు కట్టాను.

రెండు కారణాలు ఉంటాయి దీనికి. ఒకటి, పిల్లలు మనసు పెట్టలేదు. రెండోది, ఇంకా చెప్పని పాఠాల మీద పరీక్ష పెట్టాం. ఏడో తరగతిలో కొత్తగా వచ్చే చాప్టర్ల మీద సెప్టెంబరులో ప్రశ్నలిస్తే అందరికీ ఐదారే వస్తాయి, ఎవరు గట్టివాళ్లో ఎవరికి చెయ్యి పట్టాలో ఏమీ తెలియదు.

సరిచేయడం ఎలాగంటే, ఒక్క ప్రీటెస్ట్‌ని నమ్ముకోకండి. పోయినేడాది గ్రేడు, పాత స్టేట్ టెస్ట్ స్కోరు, మీ మొదటి యూనిట్ క్విజ్, ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. ప్రీటెస్ట్ పెట్టేట్టయితే ఈ ఏడాది పాఠాలకి పునాదిగా నిలిచే పాత విషయాల మీద పెట్టండి (ఏడో తరగతి నిష్పత్తులకి ఆరో తరగతి భిన్నాలు), సగం ప్రశ్నలకైనా ఆప్షన్లు తీసేసి చేసి చూపించమనండి. నాలుగు నిమిషాల బాబుని పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ రాయించండి.

ఇంకోమాట. బేస్‌లైన్ (మొదట్లో వచ్చిన అంకె) తక్కువొస్తే గ్రోత్ ఎక్కువ కనిపిస్తుందని లోలోపల సంతోషించేవాళ్లూ ఉన్నారు. వద్దండి. మీ సంగతి ఏమోగానీ, అడ్మినిస్ట్రేటర్లు ఇలాంటివి చాలా చూసి ఉంటారు.

బాగా చదివే పిల్లలే టార్గెట్ అందుకోలేదు

అందరినీ ఒకే గాటన కట్టి "ప్రతి ఒక్కరూ 20 పాయింట్లు పెరుగుతారు" అని రాసి ఉంటారు. 100కి 88తో మొదలైన పిల్లకి 108 ఎక్కడి నుంచి తెస్తారు?

కొందరు "మిగిలిన దూరంలో సగం" సూత్రం వాడతారు. 88 అయితే 100కి ఇంకా 12 ఉంది, అందులో సగం 6, టార్గెట్ 94. 40 అయితే 70. 20 అయితే 60. పైవాళ్లకి ఇది బాగా కుదురుతుంది, కిందివాళ్ల దగ్గరే చిక్కు. 20లో ఉన్న పిల్లాడు, అందులోనూ ఇంగ్లీషు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవాడు, ఒక్క ఏడాదిలో మూడు రెట్లు తెచ్చుకోవాలంటే నేల విడిచి సాము చేయడమే.

నాకు నచ్చింది మూడు గుంపుల పద్ధతి. 24 మంది క్లాసు అనుకోండి. పైన చెప్పిన మూడు కొలతలూ కలిపి చూసి వెనకబడినవాళ్లు 7, మధ్యవాళ్లు 11, ముందున్నవాళ్లు 6 అని విడదీసి, ఫైనల్‌లో వరసగా 65, 75, 88 టార్గెట్ పెట్టాను అనుకోండి. ఆ 65 ఎందుకు పెట్టారని ప్రిన్సిపల్ అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. "పోయినేడాది ఇలాంటి పిల్లలు ఇదే టెస్టులో ఇంత తెచ్చుకున్నారు" అని చూపించడానికి పాత మార్కుల షీటు ఒకటి దగ్గర ఉంచుకోండి. అంతకు మించిన జవాబు లేదు.

ఒక్క పిల్లాడి వల్ల నా స్కోరు పడిపోయింది

శాతాలు చిన్న గుంపుల్లో మోసం చేస్తాయి. పై లెక్కలో ముందున్నవాళ్లు ఆరుగురు. "85 శాతం మంది చేరితే 4" అని రాశారంటే ఆరుగురిలో 85 శాతం 5.1, అంటే ఆరుగురూ చేరాల్సిందే. టెస్టు రోజు ఒకరికి జ్వరం వస్తే పోయింది. స్పెషల్ ఎడ్ (ప్రత్యేక అవసరాలున్న పిల్లల) క్లాసులో ఇంకా కష్టం. పన్నెండు మందిలో పదిమంది చేరినా 83 శాతమే.

ఫారంలో శాతం పక్కన మనుషుల లెక్క కూడా రాసుకోండి, "6గురిలో 5గురు" అని. అలా రాస్తే గోల్ ఎంత బిగుసుకుపోయి ఉందో అక్టోబరులోనే మీ కంటికి కనిపిస్తుంది. ఐఈపీలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లాడికి స్కూలు రాసిచ్చే ప్లాన్) అదనపు టైము ఉన్న పిల్లలకి ఆ టైము మొదటి టెస్టులోనూ ఇవ్వండి, చివర ఒక్కసారే ఇస్తే పోలిక చెడుతుంది.

సగం క్లాసు మారిపోయింది

జనవరిలో వచ్చినవాళ్లనీ, నెలల తరబడి రానివాళ్లనీ లెక్కలో ఉంచాలా వద్దా అన్నది ముందే ఒక వాక్యంలో రాసి ఒప్పించుకోండి. తర్వాత అడిగితే సాకు అనుకుంటారు. మా దగ్గర గోల్ సవరించుకోడానికి ఫిబ్రవరి 15 దాకా అవకాశం ఉంది, అదీ పైవాళ్ల అనుమతితోనే. అందుకే జనవరి మధ్యలో ఒక చిన్న టెస్టు పెట్టుకుని చూసుకోవాలి. పాఠం వెనకబడిందని టార్గెట్ దించమంటే ఒప్పుకోరు, క్లాసు జాబితా మారిందంటే వింటారు.

అందరూ టార్గెట్ దాటేశారు, అయినా ప్రిన్సిపల్ మొహంలో సంతోషం లేదు

గోల్ మరీ ఇరుగ్గా ఉండొచ్చు. ఏడాది మొత్తానికి ఒక్క భిన్నాల చాప్టర్ తీసుకుంటే ఎవరైనా నెగ్గుతారు. ఎక్కువ మంది పిల్లల్నీ, సిలబస్‌లో పెద్ద భాగాన్నీ పట్టేలా రాయాలి.

లేదంటే సెప్టెంబరు పేపరే మళ్లీ ఇచ్చి ఉంటారు. ఒకసారి నేనూ ఆ పనే చేశాను. పేపరు పంచి అటు తిరిగానో లేదో వెనక బెంచీ నుంచి ఒకడు, "మిస్, మూడోది సి, పోయినసారి మీరే చెప్పారు" అన్నాడు. అప్పటి నుంచి ప్రశ్న ఆకారం ఉంచి అంకెలు, సందర్భం మారుస్తున్నాను. మొదటిసారి పిజ్జా ముక్కలు అడిగితే రెండోసారి పెయింటు గ్యాలన్లు. మొదటి పేపరు పిల్లల చేతికి తిరిగివ్వను, జవాబులు క్లాసులో చర్చించను, ఎంత బతిమాలినా.